చిరుగు కనిపించే లెన్సు

చిరిగిన బట్టలో దారం పక్కన దారం నేసి, అక్కడ చిరిగిందన్న సంగతే తెలియకుండా చేసే రఫూ పని ఆమెది. ఏళ్ల తరబడి లాండ్రీ వెనకగదిలో కూర్చుని చేస్తోంది. మెప్పంతా ముందుగదిలో కూర్చున్న ఓనరుకి పోతోంది. ఇన్నాళ్లకి ఒక నాటక సంస్థ తమ దుస్తుల మరమ్మతంతా నేరుగా ఆమెకే అప్పగిస్తామని, చేసిన పని ఫొటోలు పంపమంది. బాగా కుదిరినవి ఏరి, ఫోన్‌తో తీసి పంపింది. ఆ సంస్థలో దుస్తుల బాధ్యత చూసే ఆవిడ నుంచి జవాబొచ్చింది: "చిరగని బట్టల ఫొటోలు పంపారేంటండీ?"

ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది. కళ్లు పోయేలా చేసిన పని, ఏమీ చేయనట్టే లెక్కా? పోనీ రఫూ చేయకముందే చిరుగుని ఫొటో తీద్దామంటే, ఫోన్ దగ్గరగా పెట్టేసరికి దారాలన్నీ అలికేసినట్టు వస్తున్నాయి. శనివారంలోగా సరైన ఫొటో వెళ్లకపోతే పని ఇంకొకరికి పోతుంది, ఆమెకి మళ్లీ వెనకగదే గతి. దాచుకున్నదంతా తీసి కెమెరా కొనడానికి బయల్దేరింది.

వెంట బావ వచ్చాడు. రమ్మని ఎవరూ పిలవలేదు. ఇంట్లో ఏ వేడుకకైనా ఫొటోలు తీసేది ఆయనే, వాటిలో ఎవరికీ తలకాయ ఉండదు. అక్క ఆ సంగతి ఎత్తితే రెండు రోజులు అలుగుతాడు.

షాపతను ఆమె అడిగినదానికల్లా బావకి జవాబు చెప్పాడు. "సార్, కొత్త కెమెరా, రెండు లెన్సులు కలిపి ఇస్తున్నాం. అదిగో, ఎదురు మేడ మీద పావురం. దాని కన్ను కూడా కనబడుతుంది."

బావ చూసి మురిసిపోయాడు. "తీసేసుకో మరదలా, ఇంకేం ఆలోచించకు."

"పావురాలకి రఫూ చేస్తానా బావా? జానెడు దూరంలో దారం కనబడాలి నాకు."

అలాంటి లెన్సు ఒకటుంది. అయితే అది కొంటే కొత్త కెమెరాకి డబ్బు చాలదు, ఎవరో వాడి అమ్మేసిన పాతదానితో సరిపెట్టుకోవాలి. బావ పెదవి విరిచాడు. "పాత కెమెరాకి కొత్త లెన్సా? నలుగురూ నవ్వుతారు."

ఆమె తొడుక్కున్న కోటు విప్పి బల్ల మీద పరిచింది. మోచేతి దగ్గర తనే రఫూ చేసుకున్న కోటు అది. ముందు పావురం లెన్సుతో ప్రయత్నించింది. వెనక్కి, వెనక్కి జరిగి అలమరాకి వీపు తగిలాక గానీ బొమ్మ తేటపడలేదు, అప్పటికి దారాలు మాయం. తర్వాత పాత కెమెరాకి ఆ దగ్గరి లెన్సు తగిలించి వంగింది. తెర మీద ఒక్కో పోగూ విడివిడిగా కనిపించింది. ఆమె ప్రాణం లేచొచ్చింది.

షాపతను తొంగిచూశాడు. "రఫూ ఎక్కడ సార్?"

"చూశావా," అన్నాడు బావ, "అంత పెట్టి కొనే లెన్సుకి కూడా కనబడలేదు."

ఆమెకి ఒళ్లు మండిపోయింది. బాగా చేయడమే తప్పయిపోయిందన్నమాట. సంచిలోంచి సూది తీసి, తను నేసిన పోగుల్ని ఒక్కొక్కటే లాగేయడం మొదలుపెట్టింది. రెండు సాయంత్రాల కష్టం అది. అయినా చెయ్యి ఆపలేదు. సగం విప్పాక ఫొటో తీసింది. ఒక పక్క నోరు తెరిచిన చిరుగు, ఇంకో పక్క మచ్చలేని బట్ట, మధ్యలో సూది.

"ఇప్పుడు కనబడిందా?"

షాపతను మొదటిసారి ఆమె వైపు తిరిగి, పాత కెమెరా ధర ఎంతకి తగ్గించగలడో చెప్పాడు.

డబ్బు కట్టి, ఫొటో ఫోన్‌లోకి ఎక్కించి అక్కడినుంచే పంపి, షాపు మెట్ల మీద కూర్చుని సూదిలో దారం ఎక్కించింది. బయట చలిగా ఉంది. రెండు పోగులు పడ్డాయో లేదో జవాబొచ్చింది: "సోమవారం రండి. మిగతా సగం అలాగే ఉంచండి, మా ముందు పూర్తి చేద్దురుగాని."

ఆమె దారం తెంపి కోటు తొడుక్కుంది.

బావ ఇబ్బందిగా అటూ ఇటూ చూశాడు. "ఆ చిరుగుతోనే వీధి వెంట వస్తావా? అందరూ చూస్తారు."

"చూడనీ బావా. ఇన్నేళ్లూ ఎవరూ చూడకపోబట్టే కదా ఈ ఖర్చంతా."