సగం కప్పుకు సున్నం

పెళ్లయిన నలభై రెండో రోజున నాకూ మా ఆయనకూ మధ్య ఒక ఇనుప జాలీ ఉంది. దాని అవతల ఆయన నిలబడే నిద్రపోతున్నాడు.

పట్టుపురుగులు నాలుగో జ్వరం లేచి, అంటే నాలుగోసారి చర్మం విడిచి, ఆబగా ఆకు తినే వారం అది. రోజుకు ఐదు మేతలు. మామ వెంకటరమణప్ప, అత్త ఈశ్వరమ్మ, మా ఆయన దేవరాజులు, ముగ్గురూ పక్క మీద పడుకోవడమే మరిచిపోయారు. నాకు మాత్రం పురుగులు పెంచే షెడ్డులోకి ప్రవేశం లేదు. కొత్త పెళ్లికూతుర్ని. ఒంటికి పసుపు, మొహానికి పౌడరు, తలలో మల్లెలు. ఆ వాసనలు పురుగులకు పడవని ఆ ఇంటి కట్టుబాటు. అందుకని తోటలో ఆకు కోసి, మోపు తెచ్చి గడప దగ్గర దించడం నా పని. చేతులు పసరుతో నల్లబడ్డాయి. నడుము నాది కాదన్నట్టుంది. అయినా మోపు దించిన ప్రతిసారీ షెడ్డు కిటికీ జాలీ దగ్గరికి వెళ్లి "ఎంత?" అని అడగడం నాకు పండగలా ఉండేది.

"ముప్పై ఆరు," అన్నాడాయన కళ్లు తెరవకుండా.

లోపల గోడకు వేలాడే థర్మామీటరు లెక్క అది. పురుగుకు ఇరవై ఏడు దాటితేనే కష్టం. కిందటేడు ఎండల్లో రెండు పంటలు పాలరోగంతో పోయాయి. ఈ పంట కూడా పోతే మల్బరీ పెరికేసి టమాటా పెడతానని మామ ట్రాక్టరుకు కూడా చెప్పి ఉంచాడు. అదే జరిగితే దేవరాజులు బెంగళూరులో పనికి పోవాలి, నేను అత్త దగ్గర ఉండాలి. ఆ మాట ఇంట్లో ఎవరూ రెండోసారి అనలేదు, కానీ ఆకు కోస్తున్నంతసేపూ నాకు అదే వినిపించేది.

షెడ్డులో రెండు గదులు, పైన సిమెంటు రేకులు. గదికొక కూలరు ఉండేది. చౌడేపల్లె వైపు ఆ ఏడు పగలు మూడు గంటలే కరెంటు. ఉన్నంతసేపు కూలరు గదిని చెమ్మ చేసేది. కరెంటు పోగానే ఆ చెమ్మే ఉడికేది.

ఆ మధ్యాహ్నం మోపు దించి నిచ్చెనకు చేరగిలబడి పైకి చూశాను. రేకులు ఎనిమిదేళ్ల ఎండకూ మసికీ పెనంలా నల్లబడి ఉన్నాయి. రోగం రాకుండా ప్రతి పంటకూ లోపల గోడలకు, రేకుల అడుగుకు కూడా సున్నం కొడతారు. లోపలంతా తెలుపు, పైన నలుపు. కుప్పంలో మా నాన్న శివరాత్రి వెళ్లగానే మిద్దె మీద సున్నం కొట్టించేవాడు. ఎందుకో మదనపల్లెలో బీయస్సీ చదివాక తెలిసింది. లోపలికి రానిచ్చి ఉంటే ఈ కప్పు వైపు నేనూ చూసేదాన్ని కాదు.

సద్ది తాగుతున్న మామతో చెప్పాను.

"సున్నం కొట్టేది పురుగు కోసరం," అన్నాడాయన. "పైన కొడితే సూసేది కాకులే."

"ఎండ తిరిగి పోతాది మామా. తెల్లది వేడి పట్టదు."

"వానొస్తే కడుక్కోని పోతాది కదమ్మా."

"వానొస్తే సున్నం యాల మామా, సల్లగానే ఉంటాది కదా."

అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మామ సద్ది గిన్నె కింద పెట్టాడు. "సరే. తూరుపు గదికి కొట్టు. పడమర జోలికి పోవద్దు. నీ సదువు నిజమో కాదో సగంలోనే తేలిపోతాది."

"పెళ్లికూతురు కప్పెక్కిందని పుంగనూరు సంతలో సెప్పుకుంటారు," అంది అత్త.

"సెప్పుకోనీలే. ఈమె బరువుకు రేకు ఇరగదు, నేనెక్కితే ఇరుగుతాది."

మర్నాడు తెల్లవారగానే సున్నంలో అన్నం గంజి, ఉప్పు కలిపాను. రేకుల మీద పలక వేసుకుని దాని మీద కూర్చుని జరుగుతూ కుంచెతో కొట్టాను. కింద నిచ్చెన పట్టుకున్న దేవరాజులు తల రెండుసార్లు మెట్టుకు కొట్టుకుంది.

"నిద్రపోతాండావా?"

"లేదు. నీ కాళ్లు సూస్తాండా."

"కాళ్లకేముండాది?"

"సున్నం."

అంత అలసటలోనూ నాకు నవ్వొచ్చింది. ఒక చుక్క ఆయన ముక్కు మీద వేశాను.

రెండు పూతలు అయ్యేసరికి ఎండ ముదిరింది. కళ్లు మంటలు. చేతి వేళ్లు పగిలాయి. మధ్యాహ్నం జాలీ దగ్గరికి వెళ్లి అడిగితే ఆయన రెండు గదులూ తిరిగి వచ్చాడు.

"పడమర ముప్పై ఆరు. తూరుపు ముప్పై రెండు."

అదీ ఎక్కువే. అయినా ఇంకోసారి చెప్పించుకున్నాను. మామకు కూడా చెప్పాం. "ఒక దినం సూసి సెప్పేదేముండాది," అని ఆయన ఆకు తట్ట ఎత్తుకుని లోపలికి వెళ్లిపోయాడు.

నాలుగు రోజులు అవే అంకెలు. ఐదో రోజు పడమర గదిలో పురుగులు పసుపు తిరిగి ఉబ్బాయి. తాకితే పాలలాంటి నీరు కారింది. మామ గొయ్యి తవ్వి, వాటిని బుట్టలకెత్తి తానే మోశాడు. సాయం పోయిన దేవరాజులును వద్దన్నాడు. ఏడో బుట్ట దించాక గట్టు మీద కూర్చుండిపోయాడు. మంచినీళ్లు ఇస్తే చెంబు పట్టుకున్నాడు గానీ తాగలేదు.

"సున్నం ఇంకా ఉండాదా?" అన్నాడు.

గోతిలో చల్లడానికి అనుకుని తెచ్చాను. సగం గోతిలో చల్లి, మిగిలినది బకెట్లో పోసి, గంజి అడిగాడు. నిచ్చెన పడమర గోడకు ఆనించాడు.

"ఇబ్బుడు యాల మామా? ఆ గది కాళీ కదా."

"వచ్చే పంటకు," అన్నాడు నా వైపు చూడకుండా. "ట్రాక్టరోడికి వద్దని కబురు సెప్పినా. తూరుపు గది పంట మదనపల్లె మార్కెట్టుకు పోతాది. సగమైనా పంటే."

ఆయన మొదటి మెట్టు మీద కాలు పెట్టబోయాడు. నేను కుంచె అందుకున్నాను. ఈసారి నిచ్చెన ఆయన పట్టుకున్నాడు.

మర్నాడు తూర్పు గదిలో పురుగులు పండాయి. గూడు కట్టడానికి వాటిని ఏరి చంద్రికలనే వెదురు తడికల మీదికి వదలాలి. ముగ్గురి చేతులు చాలలేదు. "పసుపు, పౌడరు, పూలు వద్దు. వట్టి నీళ్లు పోసుకోని రా," అంది అత్త. కాళ్లు సున్నపు నీళ్లలో ముంచి నేను మొదటిసారి గడప దాటాను.

పండిన పురుగు వేలి మీద చల్లగా తగిలింది, లోపల దీపం ఉన్నట్టు కనిపించింది. ఒక్కొక్కటీ ఏరుతూ చంద్రికలు నింపేసరికి మధ్యాహ్నమైంది. దేవరాజులు గోడకు వీపు ఆనించి కూలబడ్డాడు. నేను పక్కన కూర్చున్నాను. మధ్యలో జాలీ లేదు. ఆయన తల నా భుజం మీద వాలింది.

"ఎంత?" అన్నాడు కళ్లు మూసుకునే.

గోడ మీది థర్మామీటరు వైపు మెడ తిప్పాను. నా కళ్లతో నేనే చూడటం అదే మొదలు.

"ముప్పై రెండు," అన్నాను. అప్పటికే ఆయన నిద్రపోయాడు.