కాశింబీ ట్రంకు పెట్టెలో

ఒక్క నెత్తురు చుక్క ఇస్తే ఒంట్లో చక్కెర ఎంతుందో చెప్పే చిన్న యంత్రాన్ని నేను. ఫ్యాక్టరీలో పుట్టి, నంద్యాల దగ్గరి ఒక ఊరి ఆరోగ్య కేంద్రానికి చేరగానే నన్ను బీరువాలో పెట్టి తాళం వేశారు. విలువైన వస్తువును వాడకుండా కాపాడటంలో మనుషులు దిట్టలు.

ఆ తాళం తీసింది నర్సు ప్రమీల. దూదేకుల వీధిలో కాశింబీకి చక్కెర జబ్బు. కేంద్రం తెరిచి ఉండే వేళంతా ఆమె పరుపుల కొట్టులో కుడుతూ ఉంటుంది. పరీక్షకు వస్తే కూలి పోతుంది. అందుకని ప్రమీల నన్ను ఆమె ఇంటికే తెచ్చి, వేలికి సూది గుచ్చుకోవడం, అంకె చదవడం ఆమెకూ, పక్కింట్లో ఉండే చెల్లెలు మాబున్నీకీ నేర్పి వదిలి వెళ్ళింది.

కాశింబీ నన్ను ట్రంకు పెట్టెలో చీరల అడుగున దాచింది. జబ్బు సంగతి తెలిస్తే కొట్టు యజమాని పని మాన్పిస్తాడని ఆమె భయం. తలుపు గడియ పెట్టాకే నన్ను బయటికి తీసేది. ఆమె భయానికి నేనూ ఖైదీనయ్యాను.

రంజాన్ వచ్చింది. ఉపవాసం వద్దని డాక్టరు ఒక్క ముక్కలో తేల్చేశాడట. వద్దంటే మానలేని మనిషికి ఏం చెప్పాలో ఆయనకు తోచలేదు, అడగడానికి ఈమెకు ధైర్యం చాలలేదు. తెల్లవారకముందే ఎప్పటిలాగే మాత్రలు మింగి రోజా ఉపవాసం పట్టింది. నెత్తురు తీస్తే రోజా పోతుందని నన్ను ముట్టుకోవడం మానేసింది.

కొట్టుకు సెలవైన ఒకనాడు మధ్యాహ్నం ఇంట్లో బొంత కుడుతోంది. మాట ముద్దగా వచ్చింది. తర్వాత మనిషి ఒరిగిన చప్పుడు. ఆమెకు కావలసిన మాట నా దగ్గర ఉంది. మా మధ్య ఇనప రేకు ఉంది.

పక్కింటి నుంచి మాబున్నీ పరుగున వచ్చి, అక్క మొలలోని తాళంచెవి లాగింది.

"వద్దు మాబున్నీ, రోజా పోతాది."

"నువ్వే పోతే రోజా ఎవురు పడతారుక్కా?"

నలభై ఆరు అని చూపించాను, చక్కెర మరీ పడిపోయింది. మాబున్నీ బెల్లం నీళ్ళు కొంచెం కొంచెంగా తాగించింది. తేరుకున్న కాశింబీ, ప్రాణం దక్కిందని కాదు, రోజా తెగిందని ఏడ్చింది.

మర్నాడు ప్రమీల వద్దులనేమీ మోసుకు రాలేదు. మసీదు పెద్దాయనను అడిగి వచ్చింది. చుక్క నెత్తురుకు రోజా పోదని, జబ్బు మనిషి మానినా తప్పు లేదని ఆయన చెప్పాడట. డాక్టరుతో మాట్లాడి మాత్రల వేళలు మార్పించింది. దాచి ప్రాణం మీదికి తెచ్చుకున్నది చాలని కాశింబీ ఆ సాయంత్రమే నన్ను అరుగు మీద పెట్టింది. "మాకూ ఉందిలే" అంటూ ఇరుగుపొరుగు ఆడవాళ్ళు ఒక్కొక్కరే వేలు చాపారు. ఇన్నాళ్ళూ ఎవరి గడియ వెనక వాళ్ళు దాక్కున్నారన్నమాట.

చుక్క వేసే స్ట్రిప్పులు అయిపోయాయి. అవి లేకపోతే నేను ఉత్త డబ్బాను. ప్రమీల ఎన్నిసార్లు అడిగినా పైనుంచి రాలేదు. చివరికి ఆడవాళ్ళందరూ బొంతలు చంకనబెట్టుకుని, నన్ను తీసుకుని కేంద్రానికి వెళ్ళారు. వచ్చే నెల చూద్దామన్నాడు అధికారి. వాళ్ళు వరండాలో బొంతలు పరుచుకుని కుట్టుపని మొదలుపెట్టారు.

పొద్దుగూకేలోపు ఎక్కడినుంచో ఒక్క స్ట్రిప్పుల డబ్బా తెచ్చి ఇచ్చి, ఇక వెళ్ళమన్నాడు.

కాశింబీ దాన్ని పక్కన పెట్టుకుని సూదిలో దారం ఎక్కించింది.

"తక్కినవి వచ్చేదాకా ఈడనే కుట్టుకుంటాంలే సార్. సాయంత్రాలు కేంద్రం తెరుస్తారో లేదో అదీ చెప్పండి."