చప్పిడి నెల

రక్తపోటు పెరిగింది, ఉప్పు తగ్గించమన్నాడు డాక్టరు. తగ్గించడం నాకు చేతకాదు, ఏదైనా మానెయ్యడమే. మర్నాడే ఉప్పు డబ్బా అటకెక్కించి ఇంటిల్లిపాదికీ చప్పిడి వండిపెట్టాను. ఇంటిల్లిపాదీ అంటే నేనూ, మా తమ్ముడూ.

"ఇది తిండా, శిక్షా అక్కా?" అన్నాడు.

"నాకు లేనిది నీకెందుకురా? నోరు మూసుకుని తిను."

తిన్నాడు. నా మాటకు ఎదురు చెప్పడు. అదే కొంప ముంచింది.

మాది దర్జీ కొట్టు. వాడు కత్తిరిస్తాడు, నేను కుడతాను. వాడికి బైపోలార్ జబ్బు. తొమ్మిదేళ్లుగా లిథియం మాత్రల మీద బాగున్నాడు. ఒక్కసారి మాత్రం, బాగానే ఉన్నాను కదా అని మానేశాడు. కంటి మీద కునుకు లేకుండా మూడు రోజుల్లో ఎవరూ అడగని అరవై చొక్కాలు కత్తిరించాడు. రెండింటికి మూడేసి చేతులు. ఆ తర్వాత రెండు నెలలు గోడవైపు తిరిగి పడుకున్నాడు. చొక్కాలు తలుచుకుని ఇద్దరం పడీపడీ నవ్వుతాం. గోడ సంగతి ఎవరమూ ఎత్తం.

చప్పిడి మొదలైన మూడో వారంలో, కోటు గుడ్డ మీద వాడు గీసిన సుద్దగీత వంకర్లు పోయింది. చెరిపి మళ్లీ గీశాడు. మళ్లీ వంకరే. ఆ మాత్రలకు చెయ్యి కాస్త వణకడం మామూలే, మణికట్టు స్కేలుకు ఆనించి నెట్టుకొస్తాడు. ఇది ఆ వణుకు కాదు. మంచినీళ్ల గ్లాసు కూడా రెండు చేతులతో పట్టుకుంటున్నాడు.

కత్తెర తెచ్చి నా ముందు పెట్టాడు. "చెయ్యే పోయాక నేనెందుకక్కా? మాత్ర మానేస్తాను."

అరవబోయి ఆగాను. "ముందు రక్తపరీక్ష చేయిద్దాం. తర్వాత నీ ఇష్టం" అన్నాను. వాడి ఇష్టమేమిటో తెలిసే అన్నాను.

మర్నాడు పొద్దున్నే రక్తం ఇచ్చాం. మధ్యాహ్నం, వాడికి వైద్యం చేసే డాక్టరమ్మ కాగితం చూసి మొహం చిట్లించింది. ఒంట్లో లిథియం ఉండాల్సినదానికంటే బాగా ఎక్కువుంది.

"మాత్రలు ఎక్కువ వేసుకున్నారా? జ్వరం, విరేచనాలు, నొప్పి బిళ్లలు?"

అన్నిటికీ లేదన్నాడు.

"తిండిలో ఏమైనా మారిందా?"

"మా ఇంట్లో ఉప్పు మానేశామండీ" అన్నాను, గొప్పగా.

ఆవిడ కలం కింద పెట్టింది. "మీరు తగ్గించండి. ఆయన ఎప్పటిలాగే తినాలి. ఒంట్లో ఉప్పు తగ్గితే మూత్రపిండాలు లిథియాన్ని బయటికి పోనివ్వవు. అదే మాత్ర ఎక్కువైపోతుంది."

నాకు తల కొట్టేసినట్టయింది. ఇన్నేళ్లు కళ్లల్లో వత్తులేసుకుని కాపాడుకున్నవాణ్ని నా చేత్తో నేనే పాడుచేశాను. వాడు మాత్రం నవ్వాడు. "వంట బాగోలేదని మొదట్నుంచీ మొత్తుకుంటున్నానండీ!"

రెండు రోజులు మాత్ర ఆపించి, తర్వాత తక్కువతో మొదలుపెట్టించింది డాక్టరమ్మ. వారం వారం పరీక్ష. ఇప్పుడు నా గిన్నె వేరు, వాడి గిన్నె వేరు. మూడో పరీక్షకు అంకె దారికొచ్చింది.

ఇవాళ మణికట్టు స్కేలుకు ఆనించి ఆ కోటు గుడ్డ మీదే గీత గీశాడు. తిన్నగా వచ్చింది. నాకు ఏడుపొచ్చింది, దాచుకోలేదు.

సాయంత్రం భోజనమయ్యాక, నేను అడక్కుండానే మాత్ర వేసుకుని గ్లాసు ఒంటిచేత్తో కింద పెట్టాడు.

"రేపు కత్తిరించాల్సినవి ఎన్నక్కా?"

"రెండు చొక్కాలు."

"రెండేనా?"

"రెండే. అడిగినవాళ్లవి. చేతులు కూడా రెండేసే."