ఎమ్మెల్యే కోసం తెచ్చిన శాలువా

ఎమ్మెల్యేలతో పని చేయించుకోవడంలో ఏసురత్నం గారిది అందె వేసిన చెయ్యి. నంద్యాల దగ్గర ఒక సీయెస్సై చర్చికి ఇరవై ఆరేళ్లు సెక్రటరీగా చేశాడు మరి! సెమీ క్రిస్మస్‌కి ఎమ్మెల్యేని పిలవడం, ముందు వరసలో కుర్చీ వేయడం, కేకు కోయించడం, శాలువా కప్పడం, కప్పిన చేత్తోనే జేబులోంచి అర్జీ తీయడం. సమాధుల తోటకి ప్రహరీ అలాగే వచ్చింది, బోరు కూడా అలాగే పడింది.

అలాంటి మనిషి ఇప్పుడు కెనడాలో, హాలిఫాక్స్‌కి గంట దూరంలోని ఒక రేవు టౌన్‌లో, కూతురు జ్యోత్స్న దగ్గర ఉంటున్నాడు. ఆ పిల్ల నర్సు. ఇంటి పక్కనే ఆంగ్లికన్ చర్చి. మన సీయెస్సైకి పెద్దమ్మ వరస అనుకోండి. అవే ప్రార్థనలు, అదే మోకరించడం. మొదటి ఆదివారమే ఆయనకి సొంతింటికి వచ్చినట్టైంది.

ఆ చర్చి ముందు గడ్డి మీద పదకొండు డేరాలున్నాయి. అద్దెలు కట్టలేక ఇళ్లు ఖాళీ చేసినవాళ్లవి. చివరి డేరా వేన్‌ది. నలభై ఏళ్లు చేపల పడవల మీద పనిచేసి, నడుం పోయి, కొంపా గోడూ లేకుండా మిగిలాడు. ఏసురత్నం రోజూ పొద్దున్నే ఫ్లాస్కులో అల్లం టీ పట్టుకెళ్తాడు. మంచు మీద నడవడం నేర్పింది వేనే. "పాదం మొత్తం ఆనించు రత్నం, బాతులాగా చిన్న చిన్న అడుగులెయ్యి" అని చెయ్యి పట్టుకుని నడిపించాడు.

డిసెంబర్‌లో టౌన్ ఆఫీసు నుంచి నోటీసొచ్చింది. సోమవారం పొద్దున ఏడున్నరకి డేరాలు తీసేస్తారట, కదలనివాళ్ల పేర్లు రాసుకుని కేసు పెడతారట. ఇల్లు లేనివాళ్లకిచ్చే షెల్టరేమో జనవరిలో గానీ తెరవరు. ఆ చలిలో మూడు వారాలు వేన్ ఎక్కడికి పోవాలి?

అంతలో ఆదివారం ఆరాధనకి ఎమ్మెల్యే వస్తోందని తెలిసింది. అక్కడా ఎమ్మెల్యే అనే అంటారు, చూశారా! ఏసురత్నానికి ప్రాణం లేచొచ్చింది. సూట్‌కేస్ అడుగు నుంచి ధర్మవరం పట్టు శాలువా తీశాడు. జ్యోత్స్న చేత ఇంగ్లిష్‌లో అర్జీ టైపు చేయించాడు. "ఇక నాకొదిలెయ్యండి" అని వేన్ భుజం కూడా తట్టొచ్చాడు.

తీరా చూస్తే, ఎమ్మెల్యే వచ్చి వెనక బెంచీలో కూర్చుంది! పక్కన ఎవరూ లేరు. లేచి నిలబడిన మనిషి లేడు. పాస్టరమ్మ హిలరీ ఆమె వైపు చూడనైనా చూడలేదు. "ఓరి నాయనో, చేతికందిన పని పాడు చేస్తున్నారే" అని ఏసురత్నం ఒళ్లో శాలువా నలిపేస్తున్నాడు.

అప్పుడు అధికారుల కోసం ప్రార్థన వచ్చింది. రాజుగారి కోసం, ప్రధాని కోసం, అక్కడి ముఖ్యమంత్రి, అదే ప్రీమియర్ కోసం, ఆ ఎమ్మెల్యే కోసం. బిరుదుల్లేకుండా పేరు మాత్రమే చెప్పింది హిలరీ. ఊపిరి తీసుకోకుండా అదే గొంతుతో డేరాల్లో వాళ్ల పదకొండు పేర్లూ చదివింది. వేన్ పేరు చివర్న వచ్చింది. ఏసురత్నానికి ఒళ్లు జలదరించింది. చిన్నప్పట్నుంచీ కంఠతా వచ్చిన ప్రార్థనే! దొరల దయ కోసం చేసేదనుకున్నాడు ఇన్నాళ్లూ. దొరా దిక్కులేనివాడూ ఒకే వరసలో వచ్చి నిలబడ్డం ఆయన ఏనాడూ వినలేదు.

తర్వాత రొట్టె, ద్రాక్షారసం పంచే ప్రభువు సంస్కారం. ఎమ్మెల్యే, డేరాలోంచి లేచొచ్చిన వేన్ పక్కపక్కనే మోకరించారు. ఒకే గిన్నెలో తాగారు.

గుమ్మం దగ్గర ఎమ్మెల్యే ఉన్నమాట చెప్పేసింది, అది టౌన్ కౌన్సిల్ పని, తన చేతిలో లేదని. ఏసురత్నం అర్జీ మళ్లీ జేబులో పెట్టేసుకున్నాడు. "అమ్మగారూ, ఈ శాలువా ముందే కప్పి ఉంటే..." అన్నాడు హిలరీతో.

ఆవిడ శాలువా నిమిరి చూసింది. "ఎంత బాగుందో! దాచుకోండి రత్నం. రేపు ఏడింటికి డేరాల్లో ఎవరూ ఒంటరిగా ఉండకూడదు. మోకరించగలిగినవాళ్లని రమ్మన్నాను. మోకరించలేనివాళ్లని కుర్చీ తెచ్చుకోమన్నాను."

ఆ సాయంత్రం జ్యోత్స్న గట్టిగానే చెప్పింది. "నాన్నా, నువ్విక్కడ ఉండిపోవడానికి పెట్టిన పీఆర్ ఇంకా ప్రాసెస్‌లో ఉంది. పేరు రాసుకుంటే ఏమవుతుందో నాకే తెలీదు. నువ్వు మాత్రం వెళ్లొద్దు." సరేనన్నాడు. నైట్ డ్యూటీకి వెళ్తూ కూడా ఇంకోసారి చెప్పి వెళ్లింది.

సోమవారం పొద్దున టీ ఇచ్చేసి వచ్చేద్దామనే బయల్దేరాడు. చలికని శాలువా చుట్టుకున్నాడు. గేటు దగ్గర కాళ్లు ఆగిపోయాయి.

ముసలమ్మలు! ఆదివారం టోపీలు పెట్టుకుని, వాకర్లు తోసుకుంటూ, మంచు మీద బాతు నడకలు నడుస్తూ వస్తున్నారు. ఎనభై నాలుగేళ్ల డోరతీ మొదటి డేరా ముందు వాకర్ వదిలేసి, రెండు చేతులూ నేల మీద ఆనించి, పాక్కుంటూ లోపలికి పోయింది. నినాదం లేదు, జెండా లేదు, కెమెరా లేదు. ఔరా, ఏం మనుషులు వీళ్లు! ఏసురత్నం కళ్లు నిండిపోయాయి. ఇరవై ఆరేళ్లు చర్చి నడిపానన్నాడే, చర్చి అంటే ఇదని ఆయనకి ఎవరు చెప్పారు?

ఆఫీసర్ వచ్చాడు. కుర్రాడే. డేరా లోపల మనిషిని చూడాలంటే మోకాళ్ల మీద కూర్చోక తప్పదు కదా, ప్రతి డేరా ముందూ మోకరించి పేరు రాసుకుంటున్నాడు. డోరతీ స్పెల్లింగ్ కూడా చెబుతోంది.

వచ్చినవాళ్లు పది మందే. చివరి డేరాలో వేన్ ఒక్కడే సంచీ సర్దుకుంటున్నాడు.

ఏసురత్నం ఇంకేం ఆలోచించలేదు. వంగి లోపలికి దూరాడు. నేల ఐసుగడ్డలా ఉంది. శాలువా తీసి రెండు మడతలు పెట్టి, తన మోకాళ్ల కిందా వేన్ మోకాళ్ల కిందా పరిచాడు. మూత తిప్పి టీ పోశాడు.

"పేరు?" అన్నాడు ఆఫీసర్, గుమ్మంలో మోకరించి.

జ్యోత్స్న మాట గుర్తొచ్చింది. అయినా ఇంటిపేరుతో సహా చెప్పాడు. కుర్రాడు రాసుకున్నాడు. లేచి, కాయితం నిండా ఉన్న చర్చివాళ్ల పేర్లు చూసుకుని, ఫోన్‌లో ఎవరితోనో చాలాసేపు మాట్లాడాడు. "ఈరోజుకి వెళ్తున్నాం. మళ్లీ వస్తాం" అని హిలరీతో చెప్పి వెళ్లిపోయాడు.

ఏసురత్నం జేబులో ఫోన్ మోగింది. జ్యోత్స్న.

"నాన్నా, డ్యూటీ దిగి వచ్చా. ఇంట్లో లేవేంటి? ఎక్కడున్నావు?"

"చర్చిలో ఉన్నానమ్మా."

"నేను గేటు దగ్గరే ఉన్నా నాన్నా. చర్చికి తాళం వేసుందిగా!"

"పదకొండో డేరా తల్లీ" అన్నాడు. "పాదం మొత్తం ఆనించి రా, జారుతుంది."