మత్తయ్య చెయ్యెత్తిన ఆదివారం

గరిడేపల్లి చర్చిలో ప్రసంగం అయిపోయాక ఒక అలవాటు ఉండేది. సంఘపెద్ద మత్తయ్య లేచి "ఇగ జర ఊకుందాం" అనేవాడు. అందరూ కళ్లు మూసుకుని, నోరు మెదపకుండా కాసేపు కూర్చునేవాళ్లు. పసిపిల్ల ఏడిస్తే ఏడ్చేది, బయట ట్రాక్టర్ పోతే పోయేది. ఎందుకిట్లా అని ఎవరైనా అడిగితే, "ఫోన్ జేసి మనమే మాట్లాడి మనమే పెట్టేస్తే, అవతలాయన ఎప్పుడు మాట్లాడాలెరా?" అని మత్తయ్య నవ్వేవాడు.

కోదాడ నుంచి సాంసన్ పాస్టర్ వచ్చాక ఆ అలవాటు పోయింది. ఆరాధన ఇప్పుడు ఫోన్లలో లైవ్ వస్తుంది. "తాతగారూ, లైవ్‌లో చప్పుడు లేకపోతే నెట్ పోయిందనుకుని జనం వెళ్లిపోతారండీ," అన్నాడాయన. ఊకునే వేళలో కీబోర్డు మోగడం మొదలైంది. మత్తయ్య ఆ మాటకూ ఊకున్నాడు.

ఈ ఏడు నాట్లప్పుడు మత్తయ్యకు పక్షవాతం వచ్చి ఎడమ పక్క పడిపోయింది. మాట పోయిందన్నారు ఊళ్లో. పోలేదని మనుమరాలు కృపారాణికి తెలుసు. మాట చిన్నదైపోయింది, అంతే. ఫ్యాన్ ఆపి, తలుపు దగ్గరికేసి, ఆయన నోటి దగ్గర చెవి పెడితే ఒక్కో మాటా తడుముకుంటూ బయటికొచ్చేది. కృపారాణి ఇంటర్ చదువుతుంది. నోట్లో నాలుక లేని పిల్ల. హాజరు పిలిస్తే ఆమె బదులు పక్కపిల్ల పలకాలి. కానీ వినమంటే ఎంతసేపైనా వింటుంది.

ఒకరోజు తాత, "మీ నాయిన్ని... రమ్మను. ఒక మాట... ఉన్నది," అన్నాడు.

"నాకు చెప్పు తాతా, ఫోన్‌ల చెప్త."

"నీకు కాదు. వానికే."

తండ్రీకొడుకుల మధ్య మాటల్లేక మూడేళ్లు. కృపారాణి తల్లి డెంగీతో పోయిన రోజు, మట్టి చేసే చోట, అందరూ వింటుండగా మత్తయ్య తన కొడుకు కృపాకర్‌ను ఒక మాట అన్నాడు. "ఒక్కరోజు ముందు దవాఖానకు తీస్కపోతే బతికేది. నీ చేతుల్నే పోయిందిరా ఆ పిల్ల." దినాలు కాగానే కృపాకర్ మిర్యాలగూడ పోయి రైస్‌మిల్లులో పనికి కుదిరాడు. క్రిస్మస్‌కు వచ్చి కూతురికి బట్టలిచ్చి, తండ్రి వైపు చూడకుండానే బస్సెక్కేవాడు.

కృపారాణి ఫోన్ చేస్తే, ఆ ఆదివారం మధ్యాహ్నం కృపాకర్ వచ్చాడు. గడప దగ్గరే నిలబడ్డాడు.

"ఎందుకు రమ్మన్నడట? అననీకి ఇంకేమన్న మిగిలిందా?"

"లోపలికైతే రా నాయినా. జర కూసో."

కృపారాణి ఫ్యాన్ ఆపింది. కిటికీ మూసింది. "నోటి దగ్గర చెవి పెట్టాలె," అని తండ్రికి చూపించింది. కృపాకర్ ఒక్క క్షణం ఆగి, వంగాడు. మూడేళ్లలో తండ్రికి అంత దగ్గరగా రావడం అదే.

"కిర్పా..." అన్నాడు మత్తయ్య. చిన్నప్పటి పిలుపు అది.

కృపాకర్ మంచం పట్టె పట్టుకుని ఇంకా వంగాడు. "ఆ. చెప్పు."

మత్తయ్య పెదవులు రెండో మాట కోసం కూడగట్టుకుంటున్నాయి. అప్పుడే వాకిట్లో వ్యాన్ ఆగింది.

ముందుగా లోపలికొచ్చింది పక్కింటి ఈదమ్మ, స్త్రీల సమాజం పెద్ద. మొహం వెలిగిపోతోంది. "కొడుకొచ్చిండని తెల్వంగనే నేనే అయ్యగారికి ఫోన్ గొట్టిన. తండ్రికీ కొడుక్కీ ఒక్కసారే ప్రార్థన అయిపోతది!" ఆమె వెనక సాంసన్, చర్చి ఆడవాళ్లు, భుజాన స్పీకర్ డబ్బాతో కీబోర్డు వాయించే ప్రేమ్ కుమార్. ఫ్యాన్ ఎట్లాగూ ఆగి ఉందని దాని ప్లగ్గు పీకి స్పీకర్‌ది పెట్టాడు. ఇంకో చేత్తో ఫోన్ పైకెత్తాడు.

"అయ్యగారూ, జరసేపు..." అన్నది కృపారాణి. ఆ మాట ఆమెకే సరిగ్గా వినపడలేదు.

"స్తోత్రం!" అన్నాడు సాంసన్ మైకులో. గది దద్దరిల్లింది. అందరూ ఒక్కసారే గొంతెత్తారు. ఒకరు ఏడుస్తూ, ఒకరు అరుస్తూ, ఎవరి ప్రార్థన వాళ్లది. కృపాకర్‌ను మంచం దగ్గర్నుంచి జరిపి, మోకాళ్ల మీద కూర్చోబెట్టి, తల మీద చేతులు పెట్టారు.

మత్తయ్య తల అటూ ఇటూ తిప్పాడు. ఆడుతున్న కుడి చెయ్యి మెల్లగా లేపాడు. అరచెయ్యి జనం వైపుంది. విస్తరి ముందు కూర్చున్న మనిషి, వడ్డించేవాళ్లను ఇక చాలని వారించినట్టు.

"చూడండి! తాతగారు చెయ్యెత్తి స్తుతిస్తున్నారు! పడిపోయిన మనిషి లేస్తున్నాడు! హల్లెలూయ!"

"హల్లెలూయ!" ఇంటి కప్పు లేచిపోయేట్టు అరిచారు. తాత చెయ్యి ఇంకా పైకి లేపాడు. వాళ్లు ఇంకా గట్టిగా అరిచారు.

కృపారాణి ఈదమ్మ కొంగు పట్టుకుని గుంజింది. "పెద్దమ్మా, తాత ఆగమంటుండు."

"ఆ, ఆ! నోరు దెరిసి ప్రార్థన జెయ్ బిడ్డా! గిట్ల మూగదాని లెక్క నిలబడితే దేవుడెట్ల వింటడు?"

చెయ్యి చాలాసేపు గాలిలో ఉండి, ఉండి, దుప్పటి మీద పడింది. సాంసన్ ఆమెన్ అన్నాడు. బిస్కెట్లు, టీ అయ్యాయి. వాళ్లు పోయేసరికి మత్తయ్య కళ్లు మూసుకున్నాడు. "అలిసిపోయిండు. లేసినంక మాట్లాడతడు," అని కృపాకర్ మంచం పక్కనే పీట వేసుకుని కూర్చున్నాడు. పొద్దు గూకే వేళ రెండోసారి పక్షవాతం వచ్చింది. సూర్యాపేట దవాఖానలో రెండు రోజులుండి, కళ్లు తెరవకుండానే మత్తయ్య పోయాడు.

సమాధి దగ్గర సాంసన్ చెప్పాడు, "ఈ భక్తుడు చెయ్యెత్తి దేవుణ్ణి మహిమపరుస్తూ వెళ్లాడు. నేను కళ్లారా చూశాను." ఈదమ్మ కళ్లొత్తుకుంది. ప్రేమ్ కుమార్ వీడియో అప్పటికే ఫోన్లన్నిటికీ పాకింది.

మిర్యాలగూడ తిరిగిపోయే రోజు పొద్దున్నే కృపాకర్ అరుగు మీద కూర్చుని ఆ వీడియోనే చూస్తున్నాడు. వాల్యూమ్ ఆఖరుకు పెట్టి, ఫోన్ చెవికి ఆనించుకుని. తాత పెదవులు కదులుతున్నాయి. వినిపించేది మైకు.

"రాణీ, ఇటు రా. ఆయన నోరు నీకు తెలుసు గదా. ఏమన్నడో సూసి చెప్పు."

కృపారాణి చూసింది. మళ్లీ మళ్లీ చూసింది. ముందు ఇంకోసారి 'కిర్పా' అన్నాడు. ఆ తర్వాత ఈదమ్మ భుజం అడ్డమొచ్చింది.

'తప్పయిందిరా అన్నడు నాయినా' అంటే సరిపోతుంది. తండ్రి ఆ మాటనే మిర్యాలగూడ దాకా మోసుకుపోతాడు, బతికినన్నాళ్లూ దాచుకుంటాడు. అబద్ధమని పట్టుకునేవాళ్లెవరూ లేరు. మాట నాలుక దాకా వచ్చింది. కానీ తాత అనని మాటను సాంసన్ ఇప్పటికే ఆయన నోట్లో పెట్టాడు. ఊరంతా దానికి ఆమెన్ అన్నది. దాని పక్కన తనదొకటి పెట్టడానికి కృపారాణికి మనసొప్పలేదు.

"తెల్వదు నాయినా. నీ పేరు వెనక ఇంకేం తెలుస్తలేదు."

"మళ్ల తిట్టనీకే పిలిచిండో ఏమో."

"తిట్టనీకి కాదు."

"నీకెట్ల తెలుసు?"

ఆమెకు తెలియదు. కృపాకర్ ఫోన్ జేబులో పెట్టుకుని, సంచి భుజానికేసుకున్నాడు. రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు.

"నీకు తెలుసు గదనే, ఆయన ఆగమంటుండని. ఒక్కపారి గట్టిగ ఆగున్రని ఒర్రకపోతివి."

తిట్టినట్టు లేదు. తిట్టినా బాగుండేది. బస్సు వచ్చింది, పోయింది.

గోడ మీది నుంచి ఈదమ్మ తొంగి చూసింది. "రాణీ, పొద్దుగూకినంక అయ్యగారు ఆదరణ ప్రార్థనకొస్తరంట. చాపలేసి పెట్టు బిడ్డా."

"రావొద్దను."

"ఏందే?"

"రావొద్దను!"

వాకిట్లో కోళ్లు చెదిరిపోయాయి. ఎదురింటి వాళ్లు కూడా బయటికొచ్చి చూశారు. ఆ కేక అంత దూరం పోయింది. అప్పటికి మిర్యాలగూడ బస్సు ఊరు దాటి చాలాసేపైంది.