కాకి వాలని తోట

నా భార్య గంగాభవాని సంవత్సరీకానికి కాకి రాలేదు. ఈపాటికి మా రైల్వే తెలుగువాళ్ళుండే న్యూ సెటిల్‌మెంట్ అంతా ఈ మాట చెప్పుకుని ఉంటుంది. చెప్పుకోనివ్వండి.

కాకి రాకపోవడం ఇది రెండోసారి. మొదటిసారి పదో రోజున, కాసాయ్ నది ఒడ్డున. ఆ రోజు మా పక్కనే ఇంకో రెండు కుటుంబాలవాళ్ళు పిండాలు పెట్టారు. అన్నం, గారెలు, చేపల పులుసు గుట్టలుగా పోశారు. కాకులు కడుపునిండా తిని ఇసుకలో ముక్కులు తుడుచుకుంటూ కూర్చున్నాయి. మా విస్తరి వైపు ఒక్కటి కూడా చూడలేదు. వాటికి ఆకలి లేదు. అంతే. కానీ గంగాభవాని అక్క రాధారాణి అక్కడే, అందరి ముందూ గుండెలు బాదుకుంది.

"దానికేదో కోరిక ఉండిపోనాది. మనసు సంపుకుని బతికినాది నా సెల్లి."

ఆ మాట అంటూ నావైపు చూసింది.

కోరిక ఏమిటో కూడా ఆవిడే తేల్చేసింది. నేను రైల్వే వర్క్‌షాప్‌లో రిటైరయ్యాక సాలువా దగ్గర ఈ ఎర్రమట్టి ముక్క కొన్నాను. ఒక నీళ్ళ గుంట, నాలుగు కూరగాయల మళ్ళు, బాతులు, కోళ్ళు. భార్యాభర్తలం క్వార్టర్ ఖాళీ చేసి ఇక్కడికి వచ్చేశాం. "తెలుగు మాట వినపడని అడివిలో నా సెల్లిని పడేసినాడు. సెటిల్‌మెంట్లో ఉంటే బతికేది" అని రాధారాణి ఊరంతా చెప్పింది. వంగమడిలో గుండె పట్టుకుని పడిపోయిన మనిషిని టోటో రిక్షాలో వేసుకుని నేను పట్నం వైపు పరుగెత్తిన మాట నిజం. దారిలోనే పోయిన మాటా నిజం. మిగతాది ఆవిడ కల్పన. ఈ నేల చూడగానే నాకన్నా ముందు పట్టుబట్టింది గంగాభవాని. ఈ సంగతి ఎవరూ నమ్మలేదు. నేను చెప్పడం మానేశాను.

ఆమె ఈ తోటకి వచ్చింది కూరగాయల కోసం కాదు, పిట్టల కోసం. లకుముకి పిట్ట గుంట గట్టులో బొరియ తవ్వుకుంటే, నన్ను పళ్ళు తోముకోవడానికి కూడా అటు వెళ్ళనిచ్చేది కాదు. సొరపందిట్లో పిగిలిపిట్ట గూడు పెడితే ఆ పాదు మీద చెయ్యి వెయ్యనివ్వలేదు. కాయలు ముదిరి బుర్రలైపోయాయి. ఒక్క పిట్ట కోసం పాదంతా పాడుచేస్తావా అని అరిచాను.

"కాయలు నీకు బజార్లో దొరుకుతాయి. నాకు పిట్టలు దొరుకుతాయేటి?" అంది.

ఆమెకు పడనివి కాకులు మాత్రమే. ఒక వేసవిలో మా కోడిపెట్ట పొదిగిన పిల్లల్ని ఒక్కటి మిగల్చకుండా ఎత్తుకుపోయాయి. ఆ రోజు ఆమె అన్నం తినలేదు. మరుసటి ఏడు పెరట్లో నేరేడు చెట్టు మీదకి పసులపోలిగాళ్ళ జంట వచ్చింది. బెంగాలీలు ఫింగే అంటారు. నల్లటి పిట్ట, పిడికెడు ఒళ్ళు, చీలిన తోక. అది గూడు పెట్టిందంటే ఆ చుట్టుపక్కలకి కాకిని రానివ్వదు. గద్దనైనా వీపు మీద పొడిచి తరుముతుంది. ఆ ఏడు కోడిపిల్లలన్నీ పెరిగాయి. ఆ చెట్టులోనే గువ్వలు, వంగపండు పిట్టలు కూడా దాని అండ చూసుకుని గూళ్ళు కట్టుకున్నాయి.

ఆ మగపిట్టకి గంగాభవాని తన తమ్ముడి పేరు పెట్టింది. హరిబాబు. చిన్నప్పుడు సెటిల్‌మెంట్ కుళాయి దగ్గర అక్క బిందె ఎవరైనా పక్కకి నెడితే, తనకి రెండింతలున్నవాళ్ళ మీదకి కూడా దూకేవాడట. "అచ్చం మా హరిబాబే. ఒళ్ళు తక్కువ, కోపం ఎక్కువ" అని నవ్వేది. పొద్దున్నే బాతుల గూడు తలుపు తీసి, చెట్టు కింద నిలబడి, "ఏరా హరిబాబూ, లెగిసినావా?" అని పలకరించేది. రోజూ.

అసలు హరిబాబుకి ఇది తెలియదు. ఆమె బతికున్నన్నాళ్ళూ వాడు ఈ తోట గేటు దాటలేదు. రాధారాణీ దాటలేదు. పిలిచినప్పుడల్లా వాడికి డ్యూటీ, ఆవిడకి మోకాళ్ళు. చచ్చిపోయాక ఇద్దరికీ తీరిక దొరికింది.

సంవత్సరీకానికి ఇద్దరూ వచ్చారు. న్యూ సెటిల్‌మెంట్ నుంచి పంతులుగారిని తెచ్చారు. వైశాఖ మాసపు ఎండ. పంతులు తంతు ముగించి, గుంట గట్టున చదునురాయి మీద పిండం, గారెలు పెట్టిన విస్తరి ఉంచాడు. అందరం వసారాలోకి తప్పుకున్నాం. రాధారాణి చేతులు చాపి "కా... కా... రామ్మా" అని పిలిచింది.

కాకులు లేకపోలేదు. రోడ్డవతల కరెంటు స్తంభం మీద వరసగా ఉన్నాయి. ఒకటి లేచి ఇటు వచ్చింది. కంచె దాటిందో లేదో, నేరేడు కొమ్మ మీంచి పసులపోలిగాడు రాయి విసిరినట్టు వచ్చి దాని వీపున తగిలాడు. కాకి అరుచుకుంటూ వెనక్కి పోయింది. ఇంకొకటి వచ్చింది. దానికీ అదే మర్యాద.

"అదేటి పిట్ట బావా? కాకిని రానివ్వడం నేదు" అన్నాడు హరిబాబు.

"పసులపోలిగాడు. గూట్లో పిల్లలున్నాయి."

పంతులు గారెల గిన్నె వైపు చూసి గుటక మింగాడు. "కాకి ముట్టేదాకా మనం ఎంగిలి పడకూడదు. ఎండా ముదురుతోంది."

"కాకులు రోడ్డవతల ఉన్నాయి. విస్తరి తీసుకెల్లి అక్కడ పెట్టండి" అన్నాను.

రాధారాణి నామీద లేచింది. "రోడ్డు మీదా? కుక్కకి పడేసినట్టు నా సెల్లికి రోడ్డు మీద పెడతావా? అది పడిపోయింది ఈ మట్టిలో. ఇక్కడే తినాల."

"అయితే కూకోండి."

"కూకోడం కాదు మరిదీ, మొక్కుకో. ఆనాడు ఏటికాడా నువ్వు నోరిప్పనేదు. తోట అమ్మేసి సెటిల్‌మెంటుకి వొచ్చేస్తానని గట్టిగా సెప్పు. దాని మనసులో ఉన్నదదే. వింటాది. కాకి దానంతటదే వొస్తాది."

"కాకి భయపడుతున్నది నాకు కాదు, ఆ పిట్టకి."

"సూసినారా పంతులుగారూ? పెళ్ళాం పిండం దగ్గర ఎటకారం!"

ఆవిడ తనే లేచి ఎండలోకి వెళ్ళి విస్తరి ముందు నిలబడింది. "అమ్మా భవానీ, నీ అక్కనమ్మా. నిన్ను ఇక్కడినుండి తీసుకుపోలేకపోనాను. నా మీద కోపమైతే నన్ను తిట్టు. ఒక్క ముద్ద తిను తల్లీ" అని ఏడ్చింది. ఏడుపు నిజమైనదే. అది నాకు ఇంకా కోపం తెప్పించింది. ఈ ఏడుపులో సగం మోకాళ్ళలో ఉంచుకుని ఒక్కసారి నడిచి వచ్చి ఉంటే చెల్లెలు పండగ చేసుకునేది.

అప్పుడే ఇంకో కాకి వచ్చింది. పిట్ట దాన్ని కంచె మీదే పట్టుకుంది. నల్లటి ఈక ఒకటి గిరికీలు కొడుతూ రాధారాణి కాళ్ళ దగ్గర పడింది.

హరిబాబు లుంగీ ఎగ్గట్టాడు. గోడకి ఆనించి ఉన్న దోటి తీశాడు. మునక్కాయలు లాగడానికి నేను కట్టుకున్న పొడుగాటి వెదురు అది.

"అక్కా, నువ్వు ఏడవకు. గూడు కింద పడితే పిట్ట పోతాది. పిట్ట పోతే కాకి వొస్తాది. ఎంతసేపు?"

"లాగీరా" అంది ఆవిడ.

నిజమే. ఎంతోసేపు పట్టదు. గూడు పడుతుంది, కాకి వాలుతుంది, పిండం తింటుంది. కోరికేమీ లేదు, సుఖంగానే పోయిందని సెటిల్‌మెంట్ ఒప్పుకుంటుంది. ఏడాదిగా నామీద ఉన్న నింద ఒక్క పూటలో పోతుంది. నేను చెయ్యాల్సింది నోరు మూసుకుని కూర్చోవడం. ఆ పని నాకు బాగా వచ్చు.

వాడు దోటి ఎత్తి కొక్కేన్ని కొమ్మకి తగిలించాడు. కొమ్మ ఊగింది. గూట్లోంచి నోళ్ళు బయటికి వచ్చాయి, ఎర్రగా, తెరుచుకుని. మగపిట్ట నేరుగా వచ్చి హరిబాబు బట్టతల మీద పొడిచింది.

"అమ్మోయ్!" అని వాడు ఒక చేత్తో తల పట్టుకున్నాడు. రెండో చేత్తో దోటి వదల్లేదు. పిట్ట తిరిగి వచ్చి మళ్ళీ పొడిచింది. వాడు పళ్ళు బిగించి కొమ్మ లాగుతూనే ఉన్నాడు. ఒళ్ళు తక్కువ, కోపం ఎక్కువ. ఇద్దరికిద్దరూ.

నేను వెళ్ళి దోటి పట్టుకున్నాను.

"ఒదులు."

"ఏటి బావా ఇది? పిట్టకోసం మా అక్క ఆకలితో తిరగాలా?"

"మీ అక్క ఆకలి ఇవాళ గుర్తొచ్చినాదేట్రా? బతికున్నన్నాళ్ళూ ఒక్కపాలైనా వొచ్చి దాని సేతి కూడు తిన్నావా?"

"డూటీ బావా..."

"ఆదివారం కూడానా?"

నేను దోటి లాక్కున్నాను. రాయి మీద ఆనించి కాలితో తొక్కి విరిచాను. రెండు ముక్కలూ గుంటలోకి విసిరేశాను.

"నా సెల్లి ఉసురు నీకు తగులుతాది" అంది రాధారాణి.

"తగలనీ. ఊరంతా సెప్పు. కాకి ముట్టనేదు, దాని మొగుడు తవిటయ్యే ముట్టనివ్వనేదు అని సెప్పు."

విస్తరి తీసుకెళ్ళి గుంట నీళ్ళలో వదిలాను. బాతులు ఒకదాన్నొకటి తోసుకుంటూ వచ్చాయి. గారె కోసం రెండు కొట్టుకున్నాయి.

పంతులు గొంతు సవరించుకున్నాడు. "నీళ్ళలో కలిపినా దోషం లేదమ్మా. శాస్త్రంలో ఉంది."

"ఆకలేసీసరికి మీకు శాస్త్రం దొరికినాది గావాల. లెగండి" అంది ఆవిడ.

తినకుండానే బయలుదేరారు. ఉండమని నేను అనలేదు. హరిబాబు తలకి తువ్వాలు చుట్టుకుని ముందు నడిచాడు. తువ్వాలు మీద రక్తపు చుక్క. పంతులు రెండుసార్లు గిన్నె వైపు వెనక్కి చూశాడు.

గేటు దగ్గర రాధారాణి ఆగింది. అప్పటికి తల్లిపిట్ట మిడతని తెచ్చి పిల్ల నోట్లో పెడుతోంది. మగపిట్ట కొమ్మ చివర తోక ఊపుకుంటూ కాపలా కూర్చుంది. ఆవిడ చాలాసేపు చూసింది. మాట మెత్తబడింది.

"భవాని పోన్లో సెప్పేది. ఇక్కడో పిట్టకి పేరెట్టినానే అక్కా, నువ్వొస్తే సెప్తాను, నవ్వుతావు అనేది. ఇదేనా అది?"

"ఇదే."

"ఏటి పేరు మరిదీ?"

హరిబాబు రోడ్డు మీద నిలబడి మా వైపు చూస్తున్నాడు. తల రుద్దుకుంటున్నాడు. ఒక్క మాట చెబితే ఇద్దరూ ఇక్కడే కూలబడి ఏడుస్తారు. లోపలికి వచ్చి తింటారు. రేపు నా గురించి వేరేగా చెబుతారు.

"వొచ్చుంటే అదే సెప్పేది" అన్నాను.

గేటు వేసి తీగ బిగించాను.

గారెలు కోళ్ళకి వేశాను. మర్నాడు పొద్దున్న బాతుల గూడు తలుపు తీసి చెట్టు కింద నిలబడ్డాను. పేరు పెట్టి పిలవడం ఆమె పని. నాకు నోరు రాదు. కోడిపెట్ట పిల్లల్ని వేసుకుని వంగమడి వైపు పోతోంది. రోడ్డవతల స్తంభం మీంచి కాకి లేచింది.

"అదిగో, వొస్తంది" అన్నాను.

నేను అనేసరికే వాడు కొమ్మ మీద లేడు.