డాబా మీద మిరపకాయలు

ఏడాదికి సరిపడా కారం పట్టించాలని మా అత్త బుచ్చమ్మ మిరపకాయలు తెప్పించింది. తెప్పించింది ఆమె, ఎండబెట్టింది నేను! మే నెలలో మా మెట్టుగూడ ఎండ సంగతి చెప్పాలా? డాబా మీద కాలు పెడితే బొబ్బలే. పొద్దున పాత చీర పరిచి మిరపకాయలు ఆరబోసి దిగుతుంటే కళ్లు తిరిగి మెట్ల మీదే కూలబడ్డాను. "జెర సల్ల తాగు, తగ్గుతది" అంది అత్త, టీవీ మీంచి కళ్లు తిప్పకుండా.

మధ్యాహ్నానికి మబ్బు కమ్మింది. పిడుగులు పడతాయి, బయటికి రావద్దని ఫోన్‌లో మెసేజ్ వచ్చింది. అంతలోనే ఉరుము.

"సృజనా! మిరపకాయలు తడుస్తయ్, ఉరుకు!"

"పిడుగులు పడుతయంట అత్తమ్మా. నేను పోను."

"అర్జునా ఫల్గుణా అనుకుంట పో. ఏం గాదు. నేను సుత గట్లనే పోయేదాన్ని."

మా ఆయన రాజేందర్ సోఫాలో పడుకునే, "రెండు నిమిషాల పని. ఎందుకే గింత లొల్లి?" అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. పైన ఏముందో ఆ మహానుభావుడికి తెలియదా? ఇనుప పైపులు, బట్టలారేసే తీగ, వాటి మధ్య వంగి మిరపకాయలు ఎత్తుకుంటూ నేను! ప్రతి ఎండాకాలం ఇదే తంతు. ఒకసారి వడియాలంటారు, ఒకసారి చింతపండంటారు, ఉరికేది మాత్రం నేనే. ఇన్నేళ్లూ నోరు మూసుకుని ఉరికాను కూడా, నా బుద్ధికి అగ్గి తగల!

"రెండు నిమిషాలే గద, నువ్వే పో" అని తలుపు బార్లా తీసి పక్కకు జరిగాను.

రాజేందర్ విసుక్కుంటూ లేచి చెప్పులు వేసుకున్నాడు. గడప దాటబోతుంటే కళ్లు చెదిరేలా మెరిసింది. ఆ వెంటనే ఎక్కడో దగ్గరలోనే ఫెళ్లుమని పడింది. కిటికీ అద్దాలు గలగలమన్నాయి. రాజేందర్ అక్కడే కొయ్యబారిపోయాడు. లేవాలంటే గోడ పట్టుకునే మా అత్త మోకాళ్ల నొప్పులన్నీ మరిచి ఒక్క ఉరుకున వచ్చి కొడుకు చొక్కా పట్టుకుంది.

"వద్దు బిడ్డా! పిడుగులు పడుతున్నయ్. పోతే పోనియ్, మిరపకాయలే గద!"

వాన దబదబా మొదలైంది. నేను తలుపు మూసి గొళ్లెం పెట్టి ఆమె ఎదురుగా నిలబడ్డాను.

"మరి నన్నెందుకు పొమ్మన్నవ్ అత్తమ్మా?"

ఆమె కొడుకు చొక్కా ఇంకా వదల్లేదు.